నలభై దగ్గర ముల్లు

బ్యాటరీ వెనక, చేతికి అందీ అందనట్టుండే చోట, ఇంజను నుంచి బాడీకి వచ్చే ఎర్తు వైరు ఒకటి ఉంటుంది. ఎలక్ట్రీషియన్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగాడు. ఊడలేదు. మళ్ళీ లాగాడు. ఊడలేదు. ఊడితే బాగుండునని మూడోసారి లాగాడు. నట్టు బిగువుగా ఉంది. కింద తుప్పు లేదు. ఏ లోపమూ లేని ఆ వైరు మీద అతనికి ఎంత కోపం వచ్చిందంటే, స్పానరు తిరగేసి దాని నెత్తిన ఒక్కటి మొట్టాడు.

“ఈ బ్యాటరీ పీకిందెవడ్రా?” అని షెడ్డు పైకప్పు రేకులు అదిరేలా అరిచాడు.

అవతలి కొసన ఒక తలుపుకి మైనం పూస్తున్న, సొట్టలు తీసే డెంటింగ్ మేస్త్రి తలెత్తకుండానే చెప్పాడు. “నేనే. వెల్డింగ్ చెయ్యాలంటే పీకనా, ముద్దుపెట్టుకోనా?”

“పీకేముందు స్కానర్ పెట్టించాలని తెలీదా? బ్యాటరీ తీస్తే కంప్యూటర్లో లోపాల కోడ్లన్నీ చెరిగిపోతాయి. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తుడిచేసి, తలుపుని మాత్రం అద్దంలా తోమావు.”

“తోమక ఏం చేస్తాను మామా? డెంటిస్టు కారు డెంటింగ్‌కి వచ్చింది. తోమడమే న్యాయం.”

షెడ్డు షెడ్డంతా నవ్వింది. ఎలక్ట్రీషియన్ నవ్వలేదు. నవ్వడం అతని ఉద్యోగ విధుల్లో లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ షెడ్డులో అతనికి ఒక పేరు స్థిరపడిపోయింది. పొద్దున్న వచ్చింది మొదలు సాయంత్రం చేతులు కడుక్కునేదాకా కారాలూ మిరియాలూ నూరుతుంటాడు. కార్లు ఎలాగూ షెడ్డు నిండా ఉన్నాయి కాబట్టి, మిగిలిన మిరియాలు అతనికి ఇచ్చేశారు. మిరియాలన్నా అనేవాళ్ళు, మిరియాలు మామా అనేవాళ్ళు, చాటున ఉత్త మిరియాలు అనేవాళ్ళు. పొట్టి మనిషి. యాభై ఆరేళ్ళు. మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. మోచేతుల దాకా ఎప్పటికీ వదలని నలుపు. కుడిచేతి బొటనవేలు మధ్యగా అడ్డంగా ఒక తెల్లటి గీత. పనిలో చేరిన మొదటి ఏడాది బ్యాటరీ క్లాంపు కోసిన గాయం అది. వేలి గీతలన్నీ నిలువుగా పోతుంటే ఆ ఒక్కటి అడ్డంగా పోతుంది. “వేలు కూడా నీలాగే అడ్డదిడ్డం” అంటుంది భార్య.

ఇవాళ అతని కోపానికి మామూలు కారణాలు కాక ఒక అసలు కారణం ఉంది. అది గేటు బయట, గాలి లేని టైరు మీద, మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. అతని బావమరిది. ఈ కారు నడిపే డ్రైవరు.

కారు ఒక పళ్ళ డాక్టరమ్మది. పదకొండేళ్ళుగా దాన్ని నడుపుతున్నది బావమరిదే. తొమ్మిది రోజుల క్రితం డాక్టరమ్మ తల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్తూ ఉండగా, నాలుగు రోడ్లు కలిసేచోట, సరిగ్గా నట్టనడుమ, కారు పరుగు ఆపేసి పాకడం మొదలుపెట్టింది. పక్కనుంచి వచ్చిన బస్సు మూల వెనక తలుపుని గుద్దింది. పెద్దావిడకి భుజం దగ్గర ఎముక విరిగింది. డ్రైవరు నిద్రపోయాడని బస్సువాడు చెప్పాడు. కంగారుపడి కాలు తీసేశాడని చుట్టూ మూగినవాళ్ళు చెప్పారు. బావమరిది చెప్పింది రెండే ముక్కలు: “తొక్కాను. వెళ్ళలేదు.”

ఆ రెండు ముక్కలూ నిజమో కాదో ఇవాళ సాయంత్రం నాలుగింటికల్లా తేలాలి. డాక్టరమ్మ వస్తుంది. షెడ్డు ఇచ్చే రిపోర్టు చూస్తుంది. లోపం కారుదైతే డ్రైవరు ఉంటాడు. కారులో లోపం లేదంటే డ్రైవరులో ఉన్నట్టే. ఉద్యోగం పోతుంది, దాని వెంట లైసెన్సూ పోతుంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషికి స్టీరింగు తిప్పడం తప్ప ఇంకేదీ చేతకాదు.

“ఏం తేలింది?” అంటూ సూపర్‌వైజర్ వచ్చాడు. చంకలో ఎప్పుడూ పలకలాంటి కంప్యూటర్ ఉంటుంది కనుక షెడ్డులో అతని పేరు ట్యాబ్లెట్. రోజుకి మూడుసార్లు, ప్రతిసారీ భోజనానికి ముందు, వద్దన్నా మింగాల్సిందే. వయసులో ఎలక్ట్రీషియన్ కొడుకంత. చెడ్డవాడు కాదు. తెర మీద కనిపించనిది లోకంలో లేదని నమ్మేవాడు, అంతే.

“తేలలేదు.”

“తేలేది ఏముంది అంకుల్? ఒక్క కోడ్ లేదు. గ్రాఫ్ చూడండి, గీత ఎంత శుభ్రంగా ఉందో. లోపం లేదు అని రాసేద్దాం.”

“చెరిపేసిన పలక మీద గీతలు వెతుకుతున్నావ్. కోడ్లు లేవంటే తుడిచేశారు కాబట్టి లేవు.”

“మరైతే ఎక్కడుందో చూపించండి. నాలుగింటిదాకా టైముంది.”

ఎలక్ట్రీషియన్ చూపిద్దామనే పొద్దున్న ఎనిమిదింటి నుంచీ చూస్తున్నాడు. గాలి ఫిల్టరు తీసి దులిపాడు. పెట్రోలు పంపు ఒత్తిడి కొలిచాడు. ఇంజనుకి గాలి వదిలే మూత విప్పి, తుడిచి, బిగించాడు. ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూశాడు. ఇప్పుడు ఎర్తు వైరుని కూడా కొట్టి చూశాడు. కారు ముందు నుంచి వెనక దాకా అన్నీ చూశాడు కానీ, స్టీరింగు కింద ఉండే యాక్సిలరేటర్ పెడల్‌ని మాత్రం చూడలేదు. ‘తొక్కాను, వెళ్ళలేదు’ అని మనిషి చెబుతుంటే ముందు చూడాల్సింది తొక్కినదాన్నే. ఆ సంగతి ముప్ఫై ఒక్క ఏళ్ళవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఆ కారు తలుపు తీసి కింద చెయ్యి పెట్టాలనుకున్న ప్రతిసారీ అతనికి ఇంకెవరి మీదో కోపం వచ్చేది. ఆ కోపం తీర్చుకోవడానికి ఇటు వచ్చేసేవాడు. పొద్దున్నుంచీ ఇదే వరస.

అసలు పెడల్ అంటేనే అతనికి పడదు. ఒకప్పుడు పెడల్‌కి తీగ ఉండేది. కాలు తొక్కితే తీగ లాగేది, తీగ లాగితే ఇంజను గర్జించేది, బండి ఉరికేది. మధ్యవర్తులు లేరు. ఇప్పుడు కాలు తొక్కదు, అర్జీ పెట్టుకుంటుంది. పెడల్‌కి అంటుకుని ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బా, దాని పేరు సెన్సార్, ఆ అర్జీని కరెంటుగా మార్చి పైకి పంపుతుంది. పైనున్న కంప్యూటర్ పరిశీలిస్తుంది. అది ఒక్క నోటిమాట నమ్మే రకం కాదు కాబట్టి డబ్బాలో ఇద్దరు సాక్షులని పెట్టారు. రెండు నల్లటి పట్టీలు, వాటి మీద జారే రెండు సన్నటి లోహపు వేళ్ళు. ఇద్దరి మాటా కలిసినంతసేపూ బండి పరిగెడుతుంది. ఒకడు తడబడ్డాడా, కంప్యూటర్ ఇద్దరినీ కాదని బండిని నత్తనడకకి దించేస్తుంది. ఆ తర్వాత నువ్వెంత తొక్కినా అదంతా తొక్కలో తొక్కుడే.

మధ్యాహ్నం క్యారియరు విప్పుతుండగా భార్య ఫోన్ చేసింది.

“ఏమన్నా తెలిసిందా?”

“తెలిస్తే నేనే చేస్తానుగా.”

“వాడు తొక్కానన్నాడంటే తొక్కినట్టే. వాడికి అబద్ధం చెప్పడం రాదు. మహా అయితే నోరు మూసుకుంటాడు. చిన్నప్పుడు మా నాన్న గడియారం నేను పగలగొడితే తన్నులు వాడు తిన్నాడు. నా పేరు చెప్పలేదు. వింటున్నావా?”

“తింటున్నా.”

“తిను. తిని ఆ దరిద్రపు కారు సంగతి తేల్చు. వాడికి అన్నం పెట్టావా?”

అతను సగం గిన్నె మూతలో సర్ది, మిగిలిన సగం తనకి పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు. డ్రైవర్లు లోపలికి రాకూడదని బోర్డు. యజమానులైతే లోపల చల్లటి గదిలో సోఫాలో కూర్చుని పత్రికలు తిరగేయవచ్చు. కారుని రోజూ నడిపేవాడు మాత్రం గాలి లేని టైరు మీద కూర్చోవాలి.

“తిను” అన్నాడు విసురుగా.

“వద్దు బావా.”

“తినకపోతే మీ అక్క నన్ను తింటుంది. తిను.”

బావమరిది నాలుగు ముద్దలు తిన్నాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ సగం వంగి ఉండే మనిషి. మెడ గుండీ దాకా పెట్టుకున్న చొక్కా. చెప్పులు విడిచి పక్కన జోడుగా పెట్టాడు. కారెక్కినా అంతే; ఉత్తకాలితో తప్ప నడపడు. పెద్దావిడ ఒకసారి నలభై దాటకురా అందిట. ఆ రోజు నుంచి పదకొండేళ్ళు దాటలేదు. వెనకాల హారన్లు మోగినా, సైకిళ్ళు దాటిపోయినా, ఖాళీ రోడ్డు కళ్ళ ముందు పరుచుకుని రా రమ్మన్నా, ముల్లు నలభై మీద, కాలు ఒకేచోట.

ఎలక్ట్రీషియన్ చేతిలోని ముద్ద అక్కడే ఆగింది. ఒకేచోట.

“లే” అన్నాడు.

“ఎక్కడికి?”

“లోపలికి. బోర్డు సంగతి నేను చూసుకుంటా. లెయ్యరా!”

తన అరలోంచి ముల్లు మీటరు తీశాడు. అరచెయ్యంత నల్లటి పెట్టె, పగిలిన అద్దానికి టేపు, అద్దం వెనక అంకెల మీద అటూ ఇటూ ఊగే ఒక ముల్లు. కంపెనీవాళ్ళు అందరికీ అంకెల మీటర్లు ఇచ్చినప్పుడు ఇతను మాత్రం ఇది వదల్లేదు. అంకెల మీటరు ఆలోచించి చెబుతుంది. ట్యాబ్లెట్ ఇంకా తీరిగ్గా, అరసెకనుకోసారి కళ్ళు తెరిచి చూసి గీత గీస్తుంది. ఆ రెండు చూపుల మధ్య ఏం జరిగినా దానికి తెలీదు. ముల్లు ఆలోచించదు. దెబ్బ తగిలితే ఉలిక్కిపడుతుంది.

అతను కారు గుమ్మం మీద వీపు ఆనించి, తల పెడల్ కిందకి, కాళ్ళు బయటికి పెట్టి తలకిందులుగా దూరాడు. సెన్సార్ నుంచి వచ్చే ఆరు వైర్లలో ఒకదాని వెనక గుండుసూది గుచ్చి మీటరు తగిలించాడు. మీటరుని పక్క సీటు మీద నిలబెట్టాడు. చేత్తో పెడల్ నొక్కాడు. ముల్లు నున్నగా పైకి లేచింది. వదిలాడు. నున్నగా దిగింది. మెల్లగా నొక్కాడు. ఏమీ లేదు. పది సార్లు నొక్కాడు. ట్యాబ్లెట్ వచ్చి పక్కన నిలబడి ఆవులించాడు.

“అంకుల్, గ్రాఫ్ కూడా అదే చెప్పింది కదా.”

“నువ్వు నోరు మూసుకుని ముల్లు మీద కళ్ళు పెట్టు.” తర్వాత బావమరిదితో అన్నాడు. “కూర్చో. చెప్పులు తియ్యి. పెద్దావిడ వెనకాల ఉంది. రోడ్డు ఖాళీగా ఉంది. నలభై మీద పెట్టు.”

“బండి ఆగి ఉంది కదా బావా. నలభై ఎలా తెలుస్తుంది?”

“నీ కాలికి తెలుసు. పెట్టు.”

బావమరిది సీట్లో కూర్చున్నాడు. ఉత్తకాలు పెడల్ మీద ఆనించాడు. కళ్ళు ముందున్న గోడ మీద నిలిచాయి, గోడ అవతల రోడ్డుందన్నట్టు. కాలు కొంచెం కిందికి దిగి ఆగింది. ఎలక్ట్రీషియన్ కింద నుంచి, తలకిందులుగా, ఆ పాదాన్ని చూశాడు. బిరుసెక్కిన మడమ, పక్కకి వాలిన బొటనవేలు. చీలమండ దగ్గర నరం సన్నగా అదురుతోంది. నడిపేవాడి కాలు ఎప్పుడూ పూర్తిగా ఊరుకోదు. వెంట్రుకవాసి పైకీ, వెంట్రుకవాసి కిందికీ ఆడుతూనే ఉంటుంది.

“అమ్మో” అన్నాడు ట్యాబ్లెట్.

ముల్లు పడిపోయింది. సున్నా దాకా పడి, తిరిగి లేచి, మళ్ళీ పడింది. మెట్టు తప్పిన మనిషిలా ఆ ఒక్కచోటే, ఆ ఒక్క వెంట్రుకవాసి మేరలోనే పడి లేస్తోంది. కాలు కొంచెం పైకెత్తితే బాగుంది. కొంచెం లోపలికి తొక్కితే బాగుంది. నలభై దగ్గర మాత్రం పట్టీ అరిగి గుంటపడింది.

ట్యాబ్లెట్ తన పలక వంక చూశాడు. గీత ఇంకా శుభ్రంగానే ఉంది. అతని మొహం మాత్రం శుభ్రంగా లేదు.

“తొక్కానన్నాడు” అన్నాడు ఎలక్ట్రీషియన్, కింద నుంచే. “తొమ్మిది రోజులుగా అదే చెబుతున్నాడు. ఒక్కడు విన్నాడా? నువ్వు విన్నావా? పెడల్ పాడైతే మీరందరూ పెడచెవిన పెట్టారు. చెప్పినమాట విని పదకొండేళ్ళు కాలు కదపనివాడు దొరికాడు మీకు నిద్రపోయాడనడానికి!”

బావమరిది ఇంకా గోడ వంకే చూస్తున్నాడు. కాలు పెడల్ మీద నుంచి తీయలేదు, తీయమని ఎవరూ చెప్పలేదు కనుక.

మూడు నట్లు విప్పితే పెడల్ చేతికొస్తుంది. ఎలక్ట్రీషియన్ మొదటి నట్టు విసురుగా విప్పాడు. రెండోది మామూలుగా విప్పాడు. మూడో నట్టు దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. అతనికి తెలుసు. పొద్దున్నుంచీ తెలుసు. అందుకే పెట్రోలు పంపునీ, ఫ్యూజుల్నీ, ఎర్తు వైరునీ కొడుతూ మధ్యాహ్నం చేశాడు. నట్టు ఊడింది. పెడల్ బయటికి వచ్చింది. వెలుతురులో దాని పక్క తిప్పాడు.

సెన్సార్ డబ్బా మూత చుట్టూ ఫ్యాక్టరీ అతుకు లేదు. బూడిదరంగు గమ్ము పూసి ఉంది. ఎండి రాయిలా గట్టిపడింది. దాని మీద, మూత నొక్కి పట్టుకున్నచోట, ఒక బొటనవేలి ముద్ర. గీతలన్నీ నిలువుగా, ఒకటి మాత్రం అడ్డంగా.

రెండేళ్ళ క్రితం, ఇలాంటి మధ్యాహ్నమే, బావమరిది కారు తెచ్చాడు. పెడల్ దగ్గుతోంది బావా అన్నాడు. పెడల్‌ని బాగు చేయకూడదు, మొత్తం మార్చాలి అని కంపెనీ నియమం. కొత్తది రావడానికి మూడు వారాలు. “మూడు వారాలా? మూడు నిమిషాలు!” అని ఎలక్ట్రీషియన్ రొమ్ము విరుచుకున్నాడు. పని నమోదు చేసే జాబ్ కార్డు లేదు, సంతకం లేదు, భోజనాల వేళ. స్క్రూడ్రైవరుతో మూత లేపాడు. లోపల నల్లటి పట్టీల మీద పల్చగా జిగురులాంటిది కనిపించింది. మురికి అనుకున్నాడు. మనకి అర్థం కానిది ఏది కనిపించినా మురికే కదా. స్ప్రే కొట్టి, కడిగి, ఊది, గమ్ముతో మూశాడు. పెడల్ గుర్రంలా దూకింది. “డాక్టరమ్మకి చెప్పాలేమో బావా” అన్నాడు బావమరిది. “చెప్పేదేముంది? నేను చేశాక ఇక అడ్డమేముంది? ఎవరికీ చెప్పకు” అన్నాడు ఇతను. ఆ రోజు తన మీద తనకి ఎంత ముచ్చటేసిందో.

అది మురికి కాదు. పట్టీ అరగకుండా తయారుచేసినవాడు పూసిన గ్రీజు. ఆ సంగతి నిరుడు తెలిసింది, వేరే కార్ల పెడల్స్ రెండు ఇలాగే వచ్చినప్పుడు. స్ప్రే డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాల్లో రాసి కూడా ఉంది. ఆ రోజు నుంచి ఏ పెడల్‌కీ స్ప్రే కొట్టలేదు. కానీ కొట్టినవాటిని వెనక్కి పిలవలేదు. పిలిస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఒక్క ఫోన్. ఏడాది పొడుగునా రోజూ భోజనం చేస్తూ బావమరిదితో మాట్లాడిన ఫోన్. అందులో అన్నీ మాట్లాడాడు.

“ఏంటది?” అని ట్యాబ్లెట్ వంగి చూశాడు. చూసి నిటారుగా నిలబడ్డాడు. మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. “ఇది మన పని కాదు అంకుల్! బయటెవడో తెరిచాడు. రోడ్డు పక్క మెకానిక్ పని. మన రికార్డులో లేదు. అంటే…” అని డ్రైవరు వైపు తిరిగాడు. “కారు నీ చేతిలోనే ఉంటుందిగా? ఎవడికిచ్చావు?”

బావమరిది పెడల్ని చూశాడు. గమ్ముని చూశాడు. ఎలక్ట్రీషియన్ చేతుల్ని చూడలేదు.

“నాకు తెలీదు సార్” అన్నాడు.

నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలుండగా డాక్టరమ్మ వచ్చింది. తెల్ల కోటు విప్పి చేతి మీద వేసుకుని ఉంది. సోఫా గదిలోకి రమ్మంటే రాలేదు. నేరుగా కారు దగ్గరికే వచ్చింది. ట్యాబ్లెట్ గ్రాఫుతో మొదలుపెట్టి ముల్లు మీదుగా గమ్ము దాకా చక్కగా చెప్పాడు. మంచి విషయం కూడా ఉందన్నాడు, డ్రైవరు నిద్రపోలేదన్నాడు. కానీ మీకు చెప్పకుండా కారుని బయట ఎవరికో ఇచ్చి తెరిపించాడు, ప్రమాదం అందుకే జరిగింది అన్నాడు.

ఆవిడ డ్రైవరు వంక చూసింది. “నిజమా?”

అతను తల వంచుకున్నాడు.

“పదకొండేళ్ళు మా ఇంట్లో మనిషిలా ఉన్నావు. అమ్మ భుజం ఇక పైకి లేవదని ఇవాళ చెప్పారు. నువ్వు నిద్రపోయి ఉంటే క్షమించేదాన్ని. మనిషన్నాక కునుకు వస్తుంది. కానీ ఇది?” ఆవిడ గొంతు పెంచలేదు. పంటి నొప్పితో వచ్చినవాళ్ళతో మాట్లాడి మాట్లాడి అలవాటైన గొంతు. “ఎవరికిచ్చావు? పేరు చెప్పు. పేరు చెబితే వాడి సంగతి చూస్తాను.”

“గుర్తు లేదమ్మా.”

ఎలక్ట్రీషియన్‌కి కోపం తన్నుకొచ్చింది. ఈ వెధవకి గుర్తు లేదట! పదకొండేళ్ళ కిందట ఒక్కసారి చెప్పిన నలభై గుర్తుంది, రెండేళ్ళ కిందట చెప్పిన ‘ఎవరికీ చెప్పకు’ గుర్తుంది, ఎవరు చెప్పారో మాత్రం గుర్తు లేదు! ఎవడో పగలగొట్టిన ప్రతి గడియారానికీ వీడే వీపు వంచాలా? అరవడానికి నోరు తెరిచాడు. ఎవరి మీద అరవాలో చూశాడు. బావమరిది మీద కాదు. ట్యాబ్లెట్ మీద కాదు, వాడు చూసింది చెప్పాడు. డెంటింగ్ మేస్త్రి మీద, బస్సువాడి మీద, తీగ తీసేసి కంప్యూటర్ పెట్టినవాడి మీద… ఎంత వెతికినా షెడ్డులో ఇంకెవరూ మిగల్లేదు.

అతను పెడల్‌ని తీసుకుని తన కుడి బొటనవేలు గమ్ములోని ముద్రలో పెట్టాడు. అచ్చంగా కూర్చుంది. అడ్డగీత అడ్డగీతతో కలిసింది. అలాగే పట్టుకుని డాక్టరమ్మ ముందు పెట్టాడు.

“బయటెవడో కాదమ్మా” అన్నాడు. “నేనే.”

ఆవిడకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. “మీరా? మరి ఇతను…”

“నేను చెప్పొద్దన్నాను. వీడు చెప్పలేదు. వీడికి చెప్పినమాట వినడమే రోగం.”

“ఇది ప్రమాదమని మీకు తెలుసా?”

“అప్పుడు తెలీదు.”

“ఎప్పుడు తెలిసింది?”

ఇక్కడ అబద్ధం చాలా దగ్గరగా, చేతికందేలా ఉంది. ఇవాళే తెలిసిందంటే సరిపోతుంది.

“నిరుడు” అన్నాడు.

“ఏడాదా? ఏడాది నుంచి తెలిసి…” అని ఆవిడ ఆగిపోయింది. కోటు ఒక చేతి మీంచి ఇంకో చేతి మీదికి మార్చుకుంది. ఆవిడ అరిస్తే అతనికి బాగుండేది. అరుపుల మధ్య బతికినవాడు. ఆవిడ అరవలేదు. డ్రైవరు వైపు తిరిగింది. “రేపు తొమ్మిదింటికి ఇంటికి రా. అమ్మతో నువ్వే చెప్పు ఇదంతా.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “చెప్పాక వెళ్ళిపోకు. ఆవిడ్ని హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి. వేరే కారు చూస్తాను.”

ఆవిడ వెళ్ళాక ట్యాబ్లెట్ చాలాసేపు పలక మీద వేలితో ఏమీ లేనిచోట గీస్తూ నిలబడ్డాడు.

“ఎందుకు చెప్పారు అంకుల్? జాబ్ కార్డు లేకుండా సీల్డ్ పార్టు తెరిస్తే ఏంటో మీకు తెలుసు. నేను పైకి పంపక తప్పదు.”

“పంపు. తప్పు లేకుండా రాయి. ‘అరుగుదల’ అని రాసేవు. అరుగుదల కాదు. స్ప్రే కొట్టాడని రాయి. ఎవరు కొట్టారో రాయి.”

“ఇక్కడ సంతకం పెట్టాలి.”

అతని తండ్రికి అక్షరం రాదు. ఏ కాగితం వచ్చినా ఎడమచేతి బొటనవేలికి సిరా పూసుకుని నొక్కేవాడు. ఆ సిరా మరక చూసి చిన్నప్పుడు ఇతను సిగ్గుతో చచ్చిపోయేవాడు. అందుకే పేరంతా, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాల్లో, తొందరేమీ లేకుండా రాయడం నేర్చుకున్నాడు. వర్క్‌షాపులో అంత బారు సంతకం ఇంకెవరికీ లేదు. ఇవాళ కూడా అలాగే పెట్టాడు. పెట్టి, తన అర ఖాళీ చేశాడు. కళ్ళజోడు తుడిచే గుడ్డ, క్యారియరు, ముల్లు మీటరు. స్పానర్లు కంపెనీవి. యూనిఫాం చొక్కా విప్పి మడతపెట్టి అరలో ఉంచాడు. లోపలి బనీను మీద మామూలు చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకుంటుంటే మేస్త్రి మైనం చేతులతోనే వచ్చాడు.

“మామా, బ్యాటరీ పీకింది నేనే కదా. నా మీద కూడా కొంచెం రాయించు.”

“నువ్వు తలుపు బాగా తోమావు” అన్నాడు ఎలక్ట్రీషియన్. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అతని నోటి నుంచి మేస్త్రి విన్న మొదటి మెచ్చుకోలు అదే. ఏం చెయ్యాలో తోచక చేతులు తుడుచుకున్నాడు.

బావమరిది గేటు దాకా ముందు నడిచాడు. దాటాక ఒక్కసారిగా ఆగాడు.

“ఎందుకు చెప్పావు?” అన్నాడు. గొంతు పెరిగింది, ఇంకా పెరిగింది. “నేను నోరు మూసుకున్నానుగా! ఎవడడిగాడు నిన్ను? నాకు ఇంకో బండి దొరక్కపోతే పోనీ! నీకిప్పుడు ఎవడిస్తాడు పని? అక్కకేం చెప్పను నేను? ఏడాది నుంచి తెలుసా నీకు? ఏడాది నుంచి? రోజూ ఫోన్లో తిన్నావా పడుకున్నావా అని అడిగావు కదా, ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయావా? ఆ ముసలావిడ వెనక సీట్లో నన్ను పట్టుకుని ఏడ్చింది తెలుసా నీకు? తెలుసా?”

దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నలభై ఎనిమిదేళ్ళలో ఆ మనిషి అరవడం ఎవరూ విని ఉండరు. ఎలక్ట్రీషియన్ తల వంచుకుని, క్యారియరు రెండు చేతుల్తో పట్టుకుని, చివరిదాకా విన్నాడు.

“మెల్లగా” అన్నాడు. “నలభై దాటుతున్నావు.”

బావమరిది అతని చేతిలోని క్యారియరు లాక్కున్నాడు, మోయడానికి. ఇద్దరూ మూల తిరిగారు. బావమరిది చొక్కా వెనక చెమట మరక కాసేపు కనిపించి, జనంలో కలిసిపోయింది.

షెడ్డులో చేతులు కడుక్కునే వేళైంది. కుళాయి దగ్గర ఎవరూ ఎవరితోనూ పరిహాసాలాడలేదు. రేపటి కార్ల జాబితా గోడకి అంటించి ట్యాబ్లెట్ దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చాడు. కార్లు నిలిపే ఆరో చోటు దగ్గరున్న బల్ల మీద పెడల్ అలాగే ఉంది, కాలు తగిలేచోట రబ్బరు నున్నగా అరిగి, వైరుకి కట్టిన తెల్లచీటీ గాలికి తిరుగుతూ. దాని అంచున బూడిదరంగు గమ్ములో ఒక బొటనవేలు, అడ్డగీతతో సహా, ఇంకా మూతని గట్టిగా నొక్కి పట్టుకునే ఉంది.